కాళ్లు కడిగిన పరుగు

ఫోన్ మోగేసరికి దివాకర్ చేతులు రెండూ సీతాఫలం గుజ్జులో ఉన్నాయి. అందుకని సృజనే అతని జేబులోంచి ఫోన్ తీసి, ఆకుపచ్చ బటన్ నొక్కి, అతని చెవికి ఆనించి పట్టుకుంది. పెళ్లయి రెండు నెలలు కూడా కాలేదు. మొగుడి చెవికి ఫోన్ పట్టుకోవడం కూడా పండుగలా ఉండే రోజులు.

"నమస్తె బాలకిషన్ సార్... ఆఁ... నిజంగనా సార్? మొత్తం మన కంప్యూటర్ మీదనేనా?"

దివాకర్ కూర్చున్న మెట్టు మీంచి దిగ్గున లేచాడు. ఒళ్లో పోగేసుకున్న సీతాఫలం గింజలు మెట్ల మీద గలగలా దొర్లాయి. అతను ఆమె కంటే జానెడు పొడుగు కనుక, ఫోన్ పట్టుకున్న చెయ్యి జారకుండా సృజన మునివేళ్ల మీద నిలబడింది. మాట్లాడటం అయిపోయాక గుజ్జు చేతులతోనే ఆమె బుగ్గలు పట్టుకున్నాడు. బుగ్గలు జిగటగా అయ్యాయి. ఆమె కడుక్కోలేదు చాలాసేపు.

జగిత్యాలలో పొద్దున పోయిన కరెంటు పొద్దుగూకితే గానీ రాని కాలం అది. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో నిద్రపోతున్నాయి. బొగ్గు గనులు ఆగాయి. బడులకూ కాలేజీలకూ తాళాలు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే దివాకర్ చేతులు ముడుచుకుని కూర్చోలేక, పరుగు పందెంలో ఎవరు ఏ గీతను ఎప్పుడు దాటారో దానంతటదే రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేశాడు. కరెంటు ఉన్న కాసేపట్లో ల్యాప్‌టాప్ కడుపు నింపడం, పోయాక అది ఆరిపోయేదాకా రాయడం. పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం సృజన పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

ఇప్పుడు కోరుట్ల ఉద్యమ కమిటీ ఆడపిల్లల తెలంగాణ పరుగు పెడుతోంది. మేడిపల్లి నుంచి కోరుట్ల దాకా, బస్సులు తిరగని ఖాళీ రోడ్డు మీద. గెలిచిన పిల్లకు హైదరాబాదులో ఏడాదిపాటు పరుగు శిక్షణ. ఉండటం, తినడం, బూట్లు, అన్నీ కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి దుబాయి పోయినవాళ్లు చూసుకుంటామన్నారు. ఒక్కరికే. రెండో పిల్లకు చేతిలో ఒక మెమెంటో. ఎవరు గెలిచిందీ దుబాయిలో కూర్చుని ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు చూడాలని వాళ్ల ముచ్చట. అందుకే కంప్యూటర్ కావాల్సి వచ్చింది.

"అవ్వా, మన సాఫ్ట్‌వేర్ పెడ్తున్నరు!" అని దివాకర్ వాకిట్లో గోంగూర ఏరుతున్న తల్లి రాములవ్వ దగ్గరికి పరుగెత్తాడు. "ఇంక బీటానే గని, నడుస్తది."

"బీటా అంటె ఏందిరా?"

"అంటె... అన్నం ఉడుకుతున్నదన్నట్టు. మెతుకు పట్టి చూసుడే మిగిలింది."

"మెతుకు పట్టకముందే పంక్తిల వడ్డిస్తర్రా కొడుకా?"

సృజన పకపకా నవ్వింది. "మీ కొడుకు వండింది మాడదు అత్తమ్మా."

"మాడితె వాసనొస్తది బిడ్డా, ఎర్కైతది. పలుకుంటెనే ఎర్కగాదు, నోట్ల పెట్టుకున్నదాక."

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. నవ్వడానికి ఆ రోజుల్లో పెద్ద కారణం అక్కరలేకపోయింది.

పరుగెత్తే ప్రతి పిల్లకూ కాలి మడమ పైన ఒక చిప్పు కట్టాలి. రోడ్డుకు అడ్డంగా పరిచిన రబ్బరు చాప మీదుగా ఆ పిల్ల పోగానే, పక్కనున్న పెట్టె బీప్‌మని మోగి, ఆమె నంబరు అక్కడి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కి, ఇంటర్నెట్ మీద కోరుట్లకు చేరుతుంది. మేడిపల్లిలో ఒక చాప, దారి నడుమ ఒకటి, కోరుట్లలో ఒకటి. చిప్పులు కాలికి గుచ్చుకోకుండా బట్ట సంచులు కుట్టే పని సృజన తన మీద వేసుకుంది. పుట్టిల్లు మగ్గాల ఊరు సిరిసిల్ల. బట్ట గురించి ఆమెకు ఒకరు చెప్పేదేముంది! ప్లాస్టిక్ సంచులైతే చర్మం ఒరుసుకుపోతుందని, పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన మెత్తటి మందపు నూలు తానులోంచి చింపి కుట్టింది. కాలితో తొక్కే మిషను టకటకలాడుతుంటే, ఒక్కో సంచి మూలన ఒక చిన్న తంగేడు పువ్వు కూడా పసుపు దారంతో వేసింది. దివాకర్ ఆ పువ్వును చూసి, "గింత ముద్దుగున్న హార్డ్‌వేర్ ప్రపంచంల యాడ లేదు" అన్నాడు. ఆ మాటను ఆమె మూడు రోజులు లోపల చప్పరించింది.

కాలేజీ మైదానంలో సృజనే చిప్పు కట్టుకుని చాప మీద ఉరికి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎన్నిసార్లు ఉరికితే అన్నిసార్లు బీప్. ఎండ మంచిగా కాస్తోంది, నేల పొడిగా ఉంది. అదే పరీక్ష.

కమిటీ మీటింగులో బాలకిషన్ ఒక్క మాట అడిగాడు. ఆయన బడి పంతులు, కమిటీకి కన్వీనర్, ఉద్యమంలో రెండుసార్లు లాఠీ దెబ్బలు తిన్న మనిషి. "దివాకర్, ఎందుకన్న మంచిది, ఎప్పట్లెక్క నడుమ కాడ, చివర కాడ దాటినట్టు చేతికి చిట్టీలు గూడ ఇద్దమా? ఉంటె పోతయా?"

"చిట్టీలంటె మళ్ల మనిషి చెయ్యే గద సార్," అన్నాడు దివాకర్. "పోయినేడు గట్లనే గద లొల్లయింది. సర్పంచ్ మేనకోడలికి ముందటి చిట్టీ ఇచ్చిండ్రని. మనం కొట్లాడేదే అన్యాయం మీద. దీంట్ల ఎవల చెయ్యి పడదు. నేను మారుద్దమన్న మారదు."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో కూర్చున్న సృజన అందరికంటే గట్టిగా కొట్టింది.

పరుగుకు ముందురోజు సాయంత్రం కోరుట్ల బడిలో పేర్లు రాయించుకుని చిప్పులు కడుతున్నారు. గంభీరావుపేట నుంచి ఒక పిల్ల తండ్రితో వచ్చింది. పేరు సంగీత. సన్నగా, పొడుగ్గా, గాలికి వంగిన జొన్న కర్రలా ఉంది. ఇంటర్ పాసై, ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. తండ్రి సామేలు రైసుమిల్లులో హమాలి. బస్సుల్లేవు కనుక బావమరిది ట్రాలీ ఆటోలో, వడ్ల బస్తాల మీద కూర్చుని వచ్చారు.

సృజన ఆమె కాలికి సంచి కడుతుంటే సామేలు వంగి చూశాడు. "మేడం, గీ చిప్పుకు మేత ఏమేస్తరు?"

"కరెంటే, పెద్దనాయినా."

"అయితె ఉపాసమే!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. సంగీత మాత్రం నవ్వలేదు. ముడిని తనే ఇంకోసారి లాగి చూసుకుంది.

"అక్కా, గిది ఊడిపోతె?"

"ఊడదు. నేను కుట్టిన. నువ్వు ఉరికినవని సాక్ష్యం చెప్పేది గిదే."

"ఇన్నొద్దులకు మాకొక సాక్షి దొరికిండు," అన్నాడు సామేలు.

"నాకు గా హైదరాబాద్ సీటు గావాలె అక్కా," అంది సంగీత మెల్లగా, తన గోళ్లకు అంటిన తంబాకు మరకల వైపు చూసుకుంటూ. "నేను ఉరుకుత. మా ఊళ్ల మగపోరగాండ్లు గూడ నా ఎంబడి రాలేరు. ఎట్ల ఉరకాలెనో నేర్పెటోళ్లే లేరు. గిది దొరకకుంటె ఇగ బీడీల చాటనే."

సృజనకు ఆ పిల్ల మీద ఉన్నపళంగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ రోజుల్లో ఆమెకు అందరి మీదా అలాగే పుట్టుకొచ్చేది. "నువ్వే గెలుస్తవ్ చూడు," అంది.

మర్నాడు సృజన డ్యూటీ దారి నడుమ చాప దగ్గర. మూసేసిన పెట్రోలు బంకు ముందు చాప పరిచి, నీడలో స్టూలు వేసుకుని, ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, లారీ లేదు. నల్లటి తారు మీద పిచ్చుకలు తీరిగ్గా నడుస్తున్నాయి. ఇట్లాంటి రోడ్డు మీద దివాకర్ వెనక బండెక్కి పోతే ఎట్లా ఉంటుందో అనుకుని తనలో తనే నవ్వుకుంది.

చాపకు కొంచెం ఇవతల, మేడిపల్లి వైపు, పక్క ఊరి ఆడవాళ్లు సమ్మెకు మద్దతుగా రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వాళ్లకు పెద్ద నర్సక్క. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, నడుములో చెక్కిన కొంగు. రోడ్డు అంచున బిందెలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో గుప్పెడు పసుపు కలుపుతోంది.

"గివెందుకక్కా?" అని అడిగింది సృజన.

"ఉరికొచ్చే పిల్లల కాళ్ల మీద పొయ్యద్దా? బోనమెత్తినోళ్లకు పొయ్యమా? గీళ్లు గూడ మన తెలంగాణ కోసమే ఉరుకుతున్నరు గద."

సృజనకు ఒళ్లు పులకరించింది. ఫోన్ తీసి బిందెల ఫొటో తీసుకుంది. దివాకర్‌కు చూపించాలి. చిప్పు గానీ, తాను కుట్టిన నూలు సంచి గానీ ఆ క్షణాన ఆమెకు గుర్తుకు రాలేదు.

కాసేపటికి దూరాన ఒక్క పిల్ల కనబడింది. వెనక రోడ్డంతా ఖాళీ. దగ్గరికొస్తే సంగీత. ఆడవాళ్లంతా కేరింతలు కొడుతూ లేచారు. డప్పు మీద దరువు పడింది. నర్సక్క బిందె ఎత్తింది.

"బూట్లు తడుస్తయి పెద్దమ్మా!" అని సంగీత అరిచింది, ఉరుకుతూనే.

"తడవనియ్యి, కాళ్లు సల్లవడ్తయి! సల్లగ బతుకు బిడ్డా!"

ఒకరి తర్వాత ఒకరు ఉన్న బిందెలన్నీ ఆ పిల్ల కాళ్ల మీదే కుమ్మరించారు. ముందొచ్చిన పిల్ల కదా, ఎవరి బిందె మిగలాలని ఎవరికుంటుంది? పసుపు నీళ్లు తారు మీద కాలువ కట్టాయి. సంగీత నవ్వుతూ, రెండు చేతులూ జోడించి, తప్‌తప్‌మని చప్పుడు చేసే బూట్లతో చాప దాటి పోయింది.

పెట్టె మోగలేదు.

సృజన తెర వైపు చూసింది. సంగీత పేరు లేదు. లేచి, "సంగీతా!" అని పిలవబోయింది. వెనక్కి పిలిచి మళ్లీ దాటిస్తే? పరుగెత్తే పిల్లను వెనక్కి పిలవచ్చా? ఆ తటపటాయింపులో సంగీత మలుపు తిరిగింది. సృజన దివాకర్‌కు ఫోన్ చేసింది.

"సంగీతకు బీప్ రాలే. అందరికన్న ముందుగాల వచ్చింది. మస్తు ముందుగాల. నేను కండ్లార చూసిన."

అవతల కోరుట్లలో పాటలు, మైకు, జనం. "ఒక్కోసారి లేటుగ ఎక్కుతది. నువ్వు దేన్నీ ముట్టుకోకు సృజనా. ఏమన్న నొక్కితె మొత్తం డేటా పోతది. బీటా గద. సరేనా?"

"సరే," అంది. ఆయనకు తెలియనిది ఏముంటుంది, అనుకుంది.

ఆ తర్వాత పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. బిందెలు ఖాళీ. బోరు మోటరు వేద్దామంటే కరెంటు లేదు. నర్సక్క వాళ్లకు చప్పట్లు మాత్రమే కొట్టింది. పొడికాళ్లతో వాళ్లు చాప దాటుతుంటే పెట్టె ఒక్కొక్కరికీ బీప్ బీప్‌మని చక్కగా మోగింది.

చివరి పిల్ల కూడా పోయాక సృజన చాప చుట్టుకుని ట్రాలీ ఆటో ఎక్కింది. నర్సక్క దారి ఖర్చుకన్నట్టు కాల్చిన మక్కకంకి చేతిలో పెట్టింది. ఉప్పూ కారం రాసిన ఆ కంకి తింటూ, సంగీత మెడలో దండ ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూ సృజన కోరుట్ల బడికి చేరింది.

దండ ఉంది నిజమే. కానీ దాన్ని తీయమంటున్నారు.

అందరికంటే ముందు గీత దాటినందుకు జనమే సంగీత మెడలో బంతిపూల దండ వేసి, సామేలును భుజాల మీద ఎత్తారట. తర్వాత కంప్యూటర్ ఫలితం ఇచ్చింది. స్టేజీ పక్కన జనరేటర్ మీద నడుస్తున్న పెద్ద టీవీలో అన్ని పేర్ల కింద, ఎర్రటి అక్షరాల్లో సంగీత పేరు. నడుమ చాప దాటలేదు కనుక పోటీలోంచి తీసేసినట్టు. మొదటి పేరు జగిత్యాల అమ్మాయిది.

"ఏమనుకోకమ్మా," అంటున్నాడు బాలకిషన్ మైకు పక్కకు పెట్టి. "రూలు రూలే. నడుమల నువ్వు లేవు. యాడనో బండెక్కి పొలాల పొంటి వచ్చినట్టున్నవ్. గా దండ తీసియ్యి."

"నేను బండెక్కలే సార్. గా పెట్రోలు బంకు కాడ నా కాళ్ల మీద నీళ్లు వోసిండ్రు. చూడుండ్రి, బూట్లు ఇంక తడే ఉన్నయి. పసుపున్నది."

"పసుపు పండే జాగల పసుపు ఒక సబూతానమ్మా?"

జనంలోంచి ఎవరో నవ్వాడు. "కాళ్లు కడిగిండ్రట! గీమెకు! ఏ వాడ పిల్లనో ఎర్కలేకనా? నమ్మెటట్టు చెప్పుమను!"

ఆ మాట పడగానే సామేలు తల దించుకున్నాడు. ఇందాకా ఎత్తిన భుజాలు అతని చుట్టూ ఎక్కడా లేవు. ప్రైజు వచ్చిన జగిత్యాల అమ్మాయి పాపం మంచి పిల్లే. "సార్, నా ముందల ఒకామె ఉరికింది, దూరంగ కనవడ్డది," అని ముందుకొచ్చి చెప్పింది.

"కనవడ్తది మరి. బండి మీద వస్తె ముందల్నే గద ఉంటది," అన్నాడు బాలకిషన్. దానికి తిరుగు లేదు.

సృజన చేతిలోని కంకి పారేసి, జనాన్ని తోసుకుంటూ బల్ల దగ్గరికి పోయింది. "చెప్పుండ్రి," అంది దివాకర్‌తో. "నేను ఫోన్ చేసిన గద. నేను చూసిన గద. ఆమె పేరు ఎక్కియ్యుండ్రి."

దివాకర్ గొంతు తగ్గించి అన్నాడు. "చేత్తోని ఎక్కిచ్చే బటన్ ఇంక పెట్టలే. వచ్చే వర్షన్ల పెడ్దమనుకున్న."

"అయితె మైకుల చెప్పుండ్రి. కంప్యూటర్ తప్పు అని."

"రిజల్టు దుబాయికి పోయింది సృజనా, దానంతటదే పోతది. పేపరోళ్లు రాస్కపోయిండ్రు. ఇప్పుడు ఒక్క పేరు తప్పంటె మిగిలినయన్ని తప్పంటరు. లొల్లయితది. ఉద్యమానికే చెడ్డపేరు."

"మరి ఆమెకు?"

అతను తెర వైపు తిరిగాడు. సృజన మైకు వైపు చూసింది. బల్లకు అవతలే ఉంది, చేయి చాస్తే అందేంత దూరంలో. అడుగు వేసింది. దివాకర్ బల్ల కింద నుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. "ఇంట్ల మాట్లాడుకుందాం. నా ఇజ్జత్ తియ్యకు," అన్నాడు. అతని వేళ్లు చల్లగా చెమట పట్టి ఉన్నాయి. ఆ వేళ్ల మీద జాలిపడిందో, భయపడిందో, కొత్త పెళ్లికూతురు పదిమందిలో మొగుడి మీద నోరెత్తడమా అనుకుందో, సృజన ఆగిపోయింది.

సంగీత దండ తనే తీసింది. బాలకిషన్ చేతికి ఇవ్వలేదు. తెచ్చి, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మీటల మీద పెట్టి, స్టేజీ దిగింది.

సృజన వెనకాల ఉరికి, బడి గేటు దగ్గర ఆమెను అందుకుంది. సామేలు ట్రాలీలో ఎక్కి, బస్తాల మీద అటువైపు తిరిగి కూర్చున్నాడు.

"సంగీతా, నేను చూసిన. నువ్వు ఉరికినవ్. నువ్వే ఫస్టు. మిషిన్‌దే తప్పు."

సంగీత ఆమె వైపు నిదానంగా చూసింది. "నాకెందుకు చెప్తున్నవక్కా? నేను ఉరికిన్నని నాకు ఎర్కలేదా? గా మైకుల చెప్పకపోయినవ్."

ట్రాలీ కదిలింది. సామేలు అప్పుడు ఇటు తిరిగి, "పోనీ తియ్యి మేడం," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సృజనకు.

జగిత్యాలకు బండి మీద తిరిగి వస్తుంటే రోడ్డు పొద్దుటి లాగే ఖాళీగా ఉంది. అలాంటి రోడ్డు మీద అతని వెనక కూర్చుని పోవాలని ఆమె పొద్దున ముచ్చటపడింది. ఇప్పుడు బండి వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది. అతని భుజం మీద చెయ్యి వేయలేదు.

ఇంటికి రాగానే దివాకర్ చెప్పులు కూడా విప్పకుండా ఒక చిప్పు సంచి తీసుకుని దొడ్లోకి పోయాడు. కరెంటు వచ్చి ఉంది. చాప పరిచి, పెట్టె పెట్టి, సంచిని దాటించాడు. బీప్. బకెట్ నీళ్లలో ముంచి, పిండకుండా దాటించాడు. చప్పుడు లేదు. మళ్లీ ముంచాడు. మళ్లీ లేదు. పిండి, విదిలించి దాటించాడు. బీప్.

"దొరికింది!" అని అరిచాడు. "సృజనా, దొరికింది! నీళ్లు! నూలుబట్ట నీళ్లు తాగి చిప్పును మూసేస్తున్నది. కోరుట్ల చేరేసరికి నీళ్లు పిండుకపోయినయి, గందుకే ఆడ మోగింది!"

మొహం వెలిగిపోతోంది. సరిగ్గా ఆ వెలుగుకే ఆమె ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఆ వెలుగు కోసమే విసనకర్ర విసిరింది, మిషను తొక్కింది. ఇప్పుడు దాన్ని చూస్తుంటే నోట్లో చేదు ఊరింది. ఆ చేదులో తన వాటా కూడా ఉంది. ఆ నూలు తాను ఎవరిది? ఆ కుట్టు ఎవరిది?

"దొరికింది గద," అంది. "మరి బాలకిషన్ సార్‌కు ఫోన్ చెయ్యుండ్రి."

"చేస్త, చేస్త. ముందుగాల ప్లాస్టిక్ కవర్ పెట్టి చూడాలె. బీటా అంటెనే గిది. తప్పులు దొర్కాలెననే పెడ్తరు."

"ఎవల మీద పెడ్తరు?"

అతను అప్పటికే సంచిని మళ్లీ బకెట్‌లో ముంచుతున్నాడు. రాములవ్వ గడపలో నిలబడి ఇద్దరినీ చూసి లోపలికి పోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఈసారి దివాకర్ చేతులు తడిగా ఉన్నాయి. సృజన ఫోన్ తీసి ఇవ్వలేదు. అతనే ప్యాంటుకు తుడుచుకుని ఎత్తాడు.

"ఆఁ, దివాకర్‌నే... సిరిసిల్ల నుంచా? నమస్తె అన్నా... ఆఁ, మా సాఫ్ట్‌వేరే... ఆఁ..." కొంచెం తటపటాయించాడు. "ఆఁ, పట్టింది అన్నా. నడుమల లేని మనిషిని అదే పట్టింది... రేపా? వస్త, వస్త. డెమో చూపిస్త."

ఫోన్ పెట్టేసి, ఆమె వైపు చూడకుండా నవ్వడానికి ప్రయత్నించాడు. "సిరిసిల్లల గూడ పరుగు పెడ్తున్నరట. దొంగను పట్టిన మిషిన్ మీదేనా అని అడిగిండ్రు. రేపు నేత సంఘం ఆఫీసుల డెమో. మీ అమ్మగారింటికి గూడ పోయి రావచ్చు."

"దొంగ," అంది సృజన.

"అదే... వాళ్లు గట్లన్నరు."

"మీరు కాదన్నరా?"

"ఫోన్ల గివన్ని ఏం చెప్త సృజనా? ఇప్పుడు చెప్తె ఇగ ఎవడన్న నా సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటడా? కవర్ పెట్టి సరి చేస్త గద. ఇగ ఎవరికీ గిట్ల కాదు."

"ఇగ ఎవరికో కాకుంటె, అయిన పిల్లకు సీటు వస్తదా?"

అతను చాప చుట్టడం మొదలుపెట్టాడు. సృజన దొడ్లోనే బండ మీద కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పొద్దున తీసిన ఫొటో ఫోన్‌లో ఉంది, ఇంకా అతనికి చూపించలేదు. ఇక చూపించాలనిపించలేదు. లోపలికి పోయి, సంచిలో ఒక చీర పెట్టుకుంది. ఫోనుకు చార్జింగ్ పెట్టింది, కరెంటు మళ్లీ పోకముందే. దివాకర్ గడప దాకా వచ్చి ఆగాడు.

"ఏడికి?"

"రేపు పొద్దుగాల నేను గంభీరావుపేట పోతున్న."

"బస్సుల్లేవు గద, ఎట్ల పోతవ్?"

"ట్రాలీలు పోతున్నయి. సంగీత వాళ్లు పోలేదా? వాళ్లు ఇంట్ల రానిస్తె రానిస్తరు, లేకుంటె వాకిట్ల నిలవడ్త. రమ్మంటె వచ్చేటట్టుంటె సంగీతను, వాళ్ల బాపును తోల్కొని సిరిసిల్లకు వస్త. రాకుంటె ఒక్కదాన్నే వస్త. మీ డెమో షురువయ్యేటప్పటికి ఆడ ఉంట. మీరు ముందుగాల చెప్తె సరే. లేకుంటె నేను లేచి చెప్త. అటెన్క దుబాయోళ్లకు, బాలకిషన్ సార్‌కు ఆణ్నుంచే ఫోన్ చేస్త. సార్ నంబరు మీ ఫోన్ల ఉన్నది, నాకు రాసియ్యుండ్రి."